బావి మోటారా, బోరు మోటారా

మా అత్త కాలికి తుమ్మ ముల్లు గీసుకుంటే నెత్తురు రాలేదు, నీళ్లు వచ్చాయి.

తొంభైల చివర, వానలు మొహం చాటేసిన కాలమది. మా ఊరు పుంగనూరు నుంచి మదనపల్లె పోయే దారిలో బస్సు దిగి కొంచెం లోపలికి నడిస్తే వస్తుంది. ఆ ఎండాకాలం ఎవరి చేలో చూసినా బోరు బండి నిలబడి దుమ్ము చిమ్ముతుండేది. నీళ్లు పడ్డాయన్న మాట మాత్రం ఎవరి నోటా వినపడలేదు. అలాంటి రోజుల్లో మా అత్త చేనుకాడి నుంచి వచ్చి వసారాలో కూర్చుని, చీర కొంచెం పైకి జరిపి, పిక్క మీది గీత నుంచి సన్నగా కారుతున్న నీటిని వేలితో అద్ది వెలుతురులో పెట్టి చూసుకుంది. ఏముందో చూద్దామని నేనూ వంగాను.

"ఊరంతా తొవ్వినా యాడా పడలేదు గదమ్మా నీళ్లు. నా కాల్లో పడినాయి సూడు" అంది.

అని తానే నవ్వింది. నాకు నవ్వు రాలేదు కానీ, అబద్ధమెందుకు, భయం కూడా వెంటనే రాలేదు. మొదట వచ్చింది ఆశ్చర్యం. నేను పుంగనూరు హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. గీరుకుంటే నెత్తురు రావాలని పిల్లలకు చెప్పినదాన్ని. ఇక్కడ మా ఇంట్లోనే నీళ్లు కారుతున్నాయి.

అప్పటికే ఆ కాళ్లు కొన్నాళ్లుగా ఉబ్బి ఉన్నాయి. ఎండలో తిరిగిన ఒళ్లు, ఆ మాత్రం ఉండదా అని అత్త తీసిపారేసేది. పొద్దున్నే బొటనవేలితో ముంగాలి మీద నొక్కుకునేది. సంగటి ముద్దలో నెయ్యి కోసం గుంట చేసినట్టు అక్కడ గుంట పడేది. ఆకు వక్క నమిలి ఉమ్మి వచ్చేదాకా ఆ గుంట అలాగే ఉండేది. ఈ పొద్దు నిన్నటి కంటే లోతుగా ఉందో లేదో నన్నే చెప్పమనేది.

అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. ఆ రెండు బిరుదులూ మా ఇద్దరికీ దక్కలేదు, ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన ఉద్యోగం కుప్పంలో. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం మొదటి బస్సుకు పోయేవాడు. మామ నా పెళ్లయిన కొన్నేళ్లకే పోయాడు. మిగిలిన రోజులన్నీ ఇంట్లో నేనూ అత్తా, చేలో అత్తా మోటారూ. టమాటా నాటడం నుంచి కాయ మదనపల్లె మార్కెట్టుకు పోయేదాకా ఆమె చూసుకునేది. నన్ను చేలోకి రానిచ్చేది కాదు. నా చేయి పడితే చెట్టు అలుగుతుందట.

ఆ శనివారం మా ఆయన రాగానే కాలి సంగతి చెప్పాను. సోమవారం ఆయన కుప్పం బస్సెక్కలేదు, ముగ్గురం మదనపల్లె పోయాం. అక్కడ ఒక పెద్ద వయసు డాక్టరు ఉండేవాడు, రైతులకు అర్థమయ్యేట్టు చెబుతాడని పేరు. అత్తను వాలుగా పడుకోబెట్టి కాళ్లు నొక్కి చూశాడు, తర్వాత మెడ పక్కన చాలాసేపు కళ్లార్పకుండా చూశాడు. కాళ్ల జబ్బుకు మెడ చూస్తాడేమిటని అత్త నా వైపు కళ్లెగరేసింది. నిజానికి నాకూ తెలియదు. అడిగితే, మెడలో నరం ఉబ్బి ఎంత పైదాకా కొట్టుకుంటోందో చూస్తే లోపల నీళ్లు ఎంత నిలిచాయో తెలుస్తుందన్నాడు. నేను కూడా వంగి చూశాను. చెవి కిందిదాకా కొట్టుకుంటోంది. ఇన్నేళ్లు ఎదురుగా కూర్చుని తిన్న మనిషి మెడలో అంత సంగతి ఉందని నాకు తెలియదు.

తర్వాత ఆయన చేతులు కడుక్కుని వచ్చి అత్త ఎదురుగా కూర్చున్నాడు.

"గుండె అంటే మోటారమ్మా. నీ మోటారుకు బలం తగ్గింది. పైకి తోయలేకపోతాండాది. అందుకే నీళ్లు కాళ్లల్లో నిలిచిపోతాండాయి."

మా అత్త ముఖం వికసించింది. జబ్బు సంగతి విని అంత సంతోషపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆమెకు తెలిసిన మాట దొరికింది మరి. మోటారు ఎన్ని హార్స్‌పవరని అడిగింది. డాక్టరు నవ్వి, పుట్టినప్పుడు ఐదు, ఇప్పుడు ఒకటిన్నర అనుకోమన్నాడు. కాయిలు రీవైండింగ్ చేయిస్తే కుదరదా అని అడిగింది. ఆయన నవ్వడం ఆపాడు. దీనికి రీవైండింగ్ లేదమ్మా, ఉన్నదాన్నే పదిలంగా వాడుకోవాలి అన్నాడు. ఒంట్లో నిలిచిన నీళ్లను తోడేసే మాత్ర రాశాడు. ఉప్పు బాగా తగ్గించమన్నాడు. ఆమె ఒంటి తీరుకు నీళ్లు కూడా కొలత పెట్టుకుని తాగమన్నాడు. బస్సు మదనపల్లె పొలిమేర దాటకముందే పక్క సీటావిడకు తన మోటారు సంగతంతా చెప్పేసింది అత్త.

మర్నాడు బడి నుంచి గుండె పటం చుట్టచుట్టి తెచ్చి గోడకు తగిలించాను. ఎర్ర బాణాలు, నీలం బాణాలు. అత్త దగ్గరికి వచ్చి చూసి, ఇది మామిడికాయ మాదిరి ఉండాది గానీ మోటారు మాదిరి లేదంది. ఎంతుంటుందని అడిగింది. ఎవరి పిడికిలంత వాళ్లకని చెప్పాను. తన పిడికిలి బిగించి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇంతదేనా ఇన్నేండ్లు తిరిగింది" అంది.

ఉప్పు దగ్గర మాత్రం ఇంట్లో యుద్ధమే జరిగింది. సంగటి ఉప్పు లేకున్నా గొంతు దిగుతుంది, ఊరుబిండి దిగదు. వేయించిన చెనక్కాయలూ ఎండుమిరపకాయలూ ఎంత బాగా నూరినా ఉప్పు లేకపోతే మట్టే. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదని సామెత. తప్పు చేసినవాళ్ల గురించి అనే ఆ మాటను మా అత్త డాక్టరు గురించి అనింది. నీళ్లు తాగకుండా చేయడానికే ఆయన ఉప్పు మాన్పించినాడని, మంచి తెలివిగల మనిషని మెచ్చుకుంది. మెచ్చుకున్నాక ఉప్పు మానడం ఆమెకు తేలికైంది.

మాత్ర పని చేసింది. పొద్దున మింగిందంటే మధ్యాహ్నం వరకూ దొడ్డి వాకిలికీ ఇంటికీ తిరగడమే పని. కాళ్లు తగ్గుముఖం పట్టాయి. బిగుసుకుపోయి పాదాలను కోస్తున్న చెప్పుల పట్టీలు వదులయ్యాయి. ముల్లు గీసిన గాయం మానింది. అత్త మళ్లీ చేనుకు పోయింది. నేను బడికి పోతూ ఆమెను మోటారు దగ్గర చూసేదాన్ని. స్టార్టరు వేసి, చెవి అటు పెట్టి, శబ్దం మారితే పరుగున వచ్చి ఆపేసేది. నీళ్లు అడుగంటినప్పుడు మోటారు గొంతు మారుతుందనేది.

మరుసటి ఎండాకాలం పక్క చేనాయన అంత జాగ్రత్త పడలేదు. స్టార్టరు వేసి ఊళ్లోకి పోయాడు. బోర్లో నీళ్లు లేక మోటారు ఉత్తగా తిరిగి తిరిగి కాలిపోయింది. దాన్ని పైకి లాగుతుంటే చూడటానికి ఊరు ఊరంతా పోయింది, అత్త కూడా. ఆ సాయంత్రం వచ్చి సంగటి ముద్ద కూడా ముట్టకుండా కూర్చుంది. పక్కవాళ్ల కష్టానికి బాధపడుతోందనుకున్నాను.

అది జరిగిన కొన్నాళ్లకే కాళ్లు మళ్లీ ఉబ్బాయి. ఈసారి మోకాళ్ల దాకా. పైగా కొత్త విచిత్రం: బయట నిప్పులు చెరిగే ఎండ, ఆమె కాలి వేళ్లు చల్లగా, గోళ్ల దగ్గర నీలంగా ఉండేవి. నేను పటం దగ్గర నిలబడి బాణాలు చూసేదాన్ని. తోసే బలం లేకపోతే నెత్తురు చివరిదాకా అందదు, అందిన చోటి నుంచి తిరిగి రాదు. చేరనిదీ అక్కడే, తిరిగిరానిదీ అక్కడే. ఒకే కాలు ఎండినట్టూ మునిగినట్టూ ఎలా ఉంటుందో అప్పుడు కొంచెం అర్థమైంది.

లేచి నిలబడితే ఆమెకు కళ్లు తిరిగేవి. పడుకుంటే ఊపిరాడేది కాదు. చెనక్కాయల మూటకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. అందులోనూ ఆమె ఒకటి కనిపెట్టింది. పడుకుంటే కాళ్లు తగ్గి రొమ్ము బరువెక్కుతుందట, కూర్చుంటే రొమ్ము తేలికై కాళ్లు నిండుతాయట. "నీళ్లకు వాలు దెలుసు గదా. ఎట్ల వంచితే అట్ల పోతాండాయి" అంది. ఆ మాట తర్వాత ఒక డాక్టరుకు చెబితే, అచ్చం అంతే అన్నాడు.

నా అనుమానం మాత్రం ఊరగాయ మీద. నిప్పు లేనిదే పొగ రాదు, ఉప్పు లేనిదే ఈ నీరు రాదనుకున్నాను. జాడీల మూతలు తీసి గుర్తులు చూశాను. తిన్నాక ఆమె చేయి వాసన చూశాను. అత్తకు ఒళ్లు మండింది. ఇంట్లో దొంగను పెట్టుకున్నావా మే, అని నాతో మాట్లాడటం మానేసింది. మాట్లాడకపోయినా పొద్దున్నే మాత్ర ఆమె చేతిలో పెట్టేదాన్ని, ఆమె చెంబుతో వసారాలోకి పోయేది.

ఒక ఉదయం ఆమె నన్ను పిలవబోయి ఆగిపోయింది. పిలుపు సగంలో ఊపిరి చాల్లేదు. పెదవులు కూడా వేళ్ల రంగులోకి తిరిగాయి. మా ఆయనకు ఫోను చేస్తే కుప్పం తీసుకొచ్చేయమన్నాడు, అక్కడి పెద్దాసుపత్రిలో చూపిద్దామని. జీపు మాట్లాడుకుని బయలుదేరాం. బైరెడ్డిపల్లె దాటేదాకా ఆమె తల నా భుజం మీద ఉంది. వెంకటగిరికోట దగ్గర కళ్లు తెరిచి కిటికీలోంచి చూసి, ఈళ్లకు వాన పడినట్టుంది, అంది. అంత ఆయాసంలోనూ పరాయి ఊరివాళ్ల చేలు చూడటం మానలేదు.

ఆసుపత్రిలో సూది వేసి, ఆక్సిజన్ పెట్టారు. ఒక లేత వయసు డాక్టరమ్మ నన్నూ మా ఆయననూ పక్కకు పిలిచి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి ఎక్కాయని, ఇప్పుడు మందుకు దిగితే సరి, దిగకపోతే తాము చేయగలిగింది తక్కువని చెప్పింది. ఎన్ని పోట్లాటలు పెట్టుకున్నా ఆ ముసలామె లేని ఇల్లు నాకు అక్కర్లేదని ఆ వరండాలో తెలిసింది.

మందుకు దిగింది. మర్నాడు డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి, మాత్ర ఎప్పుడైనా తప్పిందా అని అడిగింది. ఒక్క పూట కూడా తప్పలేదు, నా చేత్తో ఇచ్చాను, అన్నాను కొంచెం గట్టిగానే. అత్త ముక్కు మీది గొట్టం జరిపింది.

"ఆ బిళ్ల నేను మింగలేదమ్మా. దిబ్బలో ఏసినా" అంది. "పక్క చేను మోటారు నీళ్లు లేకనే గదా కాలిపోయె. ఒంట్లో నీళ్లన్నీ తోడి పారబోస్తే నా మోటారు ఉత్తగా తిరగదా? అందుకే చెంబులకు చెంబులు నీళ్లు తాగతా వచ్చినా. నేను కాపాడుకోకుంటే ఎవురు కాపాడతారు?"

డాక్టరమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏ మోటారు, ఏ చేను అని నా ముఖం చూసింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మా ఆయన తల పట్టుకున్నాడు. అమ్మకు మతి పోయిందని గొణిగాడు. మతి పోలేదు. ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాల్సిన బోరు మోటారు సంగతి తెలిసిన వాళ్లెవరైనా అలాగే చేస్తారు. మదనపల్లె డాక్టరు మోటారు అన్నాడు గానీ, ఏ మోటారో చెప్పలేదు.

అప్పుడు నాకు మా పాత బావి గుర్తొచ్చింది. బోర్లు రాకముందు మా చేలో బావి ఉండేది, లోపల సగం లోతులో గట్టు కట్టి దాని మీద మోటారు పెట్టేవాళ్లు. అది నీళ్లకు పైనే ఉండాలి. నా పెళ్లయిన ఏడాది వానలు దంచికొట్టి, చూస్తూ చూస్తూ ఉండగా బావి నిండింది. మామా అత్తా మోకులు కట్టి మోటారును పైకి లాగబోయేసరికే అది మునిగింది. కొత్త కోడలిగా నేను చూసిన మొదటి గొడవ అదే.

మంచం మీద కూర్చుని అడిగాను. "అత్తా, నీది బావి మోటారా, బోరు మోటారా?"

అత్త నా వైపు చూసింది. కొట్టిపారేయలేదు. పైకప్పు చూస్తూ చాలాసేపు ఆలోచించింది. చేయి గుండె మీద పెట్టుకుని కాసేపు విన్నది కూడా.

"పాతది గదా" అంది చివరకు. "బావి మోటారే అయ్యుంటాది."

"బావి మోటారు మునిగితే ఏమైంది?"

"కాలిపోయె గదా." మళ్లీ ఆలోచించి, "ఆ డాక్టరయ్య ఆ పొద్దే సెప్పుండల్ల, ఏ మోటారో" అంది. డాక్టరమ్మ వైపు చేయి చాపి, "ఇయ్యమ్మా ఆ బిళ్ల" అంది.

ఆ తర్వాత ఆమె ఒక్క మాత్ర కూడా పారేయలేదు. ఇంటికి వచ్చాక మా ఇద్దరి మధ్యా కొత్త భాష ఒకటి నడిచింది. పడుకుని ఊపిరాడనప్పుడు, "మోటారు ఎత్తమ్మా" అనేది. నేను వీపు వెనక దిండ్లు ఎక్కువ పెట్టేదాన్ని. పొద్దున్నే నా చేతికి మణికట్టు ఇచ్చి, ఈ పొద్దు వోల్టేజీ ఎట్ల ఉండాదని అడిగేది. నాడి ఒకసారి గబగబా, ఒకసారి ఆగి ఆగి కొట్టేది. బాగుందనేదాన్ని. నీకు అబద్ధం సెప్పను రాదు, అనేది. శనాదివారాల్లో మాత్రమే ఇంట్లో ఉండే మా ఆయనకు ఈ భాష తెలియదు. కొడుకు ముందు ఆమె జబ్బు ఊసే ఎత్తేది కాదు.

రీవైండింగ్ లేదన్న మాట నిజమే. చేనుదాకా నడిచే మనిషి వీధి చివరిదాకా, తర్వాత వసారాదాకా వచ్చింది. వసారాలో కూర్చుని, గాలి అటునుంచి వీస్తే, మా బోరు మోటారు శబ్దం వింటూ కూలి మనిషికి కేకేయమనేది. అలా కొన్నేళ్లు నెట్టుకొచ్చింది.

ఆ కరువేళ్లు గడిచాక ఒక ఏడాది వానలు దండిగా పడ్డాయి. ముళ్ల కంపలతో నిండిపోయిన మా పాత బావిలోకి నీళ్లు ఊరాయి. పైగట్టుకు మూర దూరం దాకా వచ్చాయి. ఊరివాళ్లు తిరునాళ్లకు పోయినట్టు పోయి చూశారు. అత్త పోలేకపోయింది. నేను వచ్చాక, రంగెట్ల ఉంది, గట్టు మునిగిందా, కప్పలు అరుస్తున్నాయా అని గుచ్చి గుచ్చి అడిగింది. చెప్పీ చెప్పీ విసుగొచ్చి, మళ్లీ పోయి చెంబుతో ఆ నీళ్లే తెచ్చాను. తాగుతుందేమోనని భయపడ్డాను. తాగలేదు. కాళ్ల మీద పోయమంది. పోశాను. చల్లగా ఉన్నాయా అని అడిగాను.

"నా కాళ్లే సల్లగా ఉండాయి. నీళ్లు ఎచ్చగా ఉండాయి" అంది. ఆమె వింతగానే చెప్పింది. నేను మాత్రం చెంబు కడిగే నెపంతో లోపలికి పోయాను.

అది జరిగిన వారంలోనే, ఒక మధ్యాహ్నం, ఆమె దిండ్ల మీద నుంచి కిందికి జారిపోయింది. రెండు రోజులుగా తిండి లేదు. కుప్పం పోదామంటే, ఇంక యాడికీ వద్దంది. మా ఆయన సెలవు పెట్టి వచ్చాడు, బంధువులు చుట్టూ ఉన్నారు. నేను వంటింట్లో గంజి కాస్తున్నాను. నడింట్లో నుంచి ఆమె గొంతు వినిపించింది.

"మోటారు ఎత్తండి... మునిగిపోతాండాది."

మా ఆయన వంగి ఆమె చేయి పట్టుకున్నాడు. "బావిలో మోటారు ఎప్పుడో తీసేసినాము గదమ్మా. ఆడ ఏమీ లేదు. నువ్వు దిగులు పడొద్దు" అన్నాడు. నిండిన బావి గురించి పలవరిస్తోందని ఎవరో అన్నారు. కళ్లొత్తుకున్నారు.

గంజి గరిటె అక్కడే వదిలేసి వచ్చాను. మనుషుల్ని తోసుకుని మంచం ఎక్కి, ఆమె వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాను. చంకల కింద చేతులు వేసి పైకి లాగి, నా రొమ్ముకు ఆనించుకున్నాను. ఊపిరి కొంచెం అందింది. ఇంకొంచెం అన్నట్టు చేయి కదిపింది. ఇంకొంచెం ఎత్తాను. మా ఆయన అప్పుడు నా వైపు చూశాడు.

అలాగే ఉన్నాం. ఆమె వీపు పలచగా, నా రొమ్ముకు అతుక్కుని ఉంది. లోపల కొట్టుకోవడం తెలుస్తోంది, ఆగి ఆగి, మళ్లీ గబగబా. అందులో ఆమెది ఏదో, నాది ఏదో కాసేపు నాకు తెలియలేదు. తర్వాత తెలిసింది.